శిబిరంలో సాయంత్రం బడి
మత్తిగిరిలో మేము వలస అనంగానే మన తెలుగు తాతముత్తాతల కథే ఎత్తుకొంటాము. మన క్రిష్ణగిరి జిల్లాలోనే శ్రీలంక తమిళుల శిబిరాలు ఉండాయని ఎంతమందిమి తలుచుకొంటాము?

1983 జులైలో కొలంబోలో తమిళుల ఇండ్లు కాల్చిరి. ఆ తరువాత యుద్ధానికి తాళలేక జనం పడవలెక్కి రామేశ్వరం చేరిరి. (మా రైల్వేవాళ్ళకు అది బోట్ మెయిల్ దోవ. ఒకప్పుడు టికెట్టు తీసుకొని లంకకు పోయిన దోవ.) మండపం నుంచి వాళ్ళను జిల్లా జిల్లాకూ పంపిరి.

తమిళనాడు శిబిరాల్లో పిల్లోళ్ళకు చదువు చెప్పేకి వచ్చినవాళ్ళలో యేసుసభ పాదిర్ల జె.ఆర్.ఎస్. ఒకటి. 1980 నవంబరు 14న పెద్రో అరుపె పెట్టిన సంస్థ. 1945లో హిరోషిమాలో బాంబు పడినప్పుడు గాయపడినవాళ్ళకు వైద్యం చేసిన పాదిరి ఆయన. వీళ్ళు శిబిరాల్లో సాయంత్రం బడి నడిపిరి, ఆడ చదువుకొన్న పిల్లలనే పంతుళ్ళను చేసిరి. శిబిరాల్లో ఎక్కువమంది హిందువులే. మతం అడగలేదు. పాదిరి అంటే మతం మార్చేకే వస్తాడని మేమూ అనుకొన్నవాళ్ళమే.

1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగినాక స్వచ్ఛంద సంస్థలను కొన్నాండ్లు శిబిరాల్లోకి రానీలేదు. జనం ముఖం తిప్పుకొనిరి, మేమూ తిప్పుకొంటిమి.

2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరు లేదు. 2021లో శిబిరాన్ని మరువాళ్వు ముకామ్ అన్నారు. పేరు మారె. ఈడనే పుట్టి డిగ్రీ ముగించినా, పౌరసత్వం లేని పిల్లకు సర్కారు ఉద్యోగం లేదు. తమిళ బడిలో చదివిన మాకు రైల్వే గుమస్తా పని దొరికె.