కీళ్ళవాతము, లింఫోమా: రక్తము చెప్పు సాక్ష్యము

మన రక్తమునందలి తెల్లకణములలో లింఫ్ కణములు ఒక జాతి. సూక్ష్మజీవులు శరీరములో ప్రవేశించినపుడు ఇవి వేగముగా విభజన చెంది, శత్రువును పట్టుకొను ప్రతిరక్షకములను తయారుచేయును. పని తీరిన పిమ్మట వీని సంఖ్య తగ్గును. కాని కొందరిలో ఇవి స్వంత శరీరమునే పరాయిదిగా ఎంచి దాడి చేయుచుండును. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్ళవాతము ఇట్టి వ్యాధియే. ఇందు లింఫ్ కణములకు విశ్రాంతి లేదు. ఏండ్ల తరబడి విభజన సాగుచుండగా, ఏదో ఒక కణము యొక్క జన్యువులలో పొరపాటు జరిగి, అది అదుపు లేక పెరుగవచ్చును. అదే లింఫోమా అను కాన్సరు.

ఈ సంబంధము ఒక్కనాట తెలిసినది కాదు. 1933లో స్వీడను దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్, కన్నీరు ఇంకిపోయిన 19 మంది స్త్రీలను గూర్చి వ్రాసెను. వారిలో 13 మందికి కీళ్ళవ్యాధి కూడ ఉండెను. కన్నీటి గ్రంథులను, లాలాజల గ్రంథులను లింఫ్ కణములు ఆక్రమించుటచే కలుగు ఈ వ్యాధికి ఆయన పేరే నిలిచినది. 1964లో అమెరికాలో నార్మన్ తలాల్, జోసెఫ్ బునిమ్ అనువారు ఇట్టి 58 మంది రోగులను పరిశీలించి, ముగ్గురికి లింఫ్ కణజాలపు కాన్సరు వచ్చినట్లు ప్రకటించిరి. ఇది కాకతాళీయమేమో అను సందేహము 1978లో తీరెను. ఆ యేట ప్రకటించిన లెక్కలో, 136 మంది స్త్రీలలో లింఫోమా సామాన్యజనులలోకంటె సుమారు 44 రెట్లు హెచ్చుగా కనబడినది. తరువాతి పరిశీలనలలో ఈ సంఖ్య తగ్గినను, ముప్పు ఉన్నదను మాట స్థిరపడినది.

అయినను రోగులలో చాలమందికి లింఫోమా రానేరాదు. మరి ఎవరిని జాగ్రత్తగా కనిపెట్టవలెను? ఇచట రక్తమే సాక్ష్యమిచ్చును. ప్రతిరక్షకములకు తోడ్పడు ప్రోటీనులలో సి4 ఒకటి. పోరు ఎడతెగక సాగినచో ఇది ఖర్చయిపోవును. 2002లో గ్రీసు దేశమున 723 మందిని పరిశీలించగా, సి4 తగ్గినవారిలోను, చెవిదిగువ గ్రంథి వాచినవారిలోను, చర్మముపై ఊదా మచ్చలు గలవారిలోను ముప్పు హెచ్చని తేలెను. ఒకే రకపు ప్రతిరక్షకము రక్తములో మితిమీరి కనబడుటయు మరియొక సూచన. భజనలో అందరి గొంతులను మించి ఒక్క గొంతే వినబడినట్లు, ఒకే కణము యొక్క సంతతి పెరుగుచున్నదని దీనివలన ఊహింపవచ్చును. ఇవి హెచ్చరికలు మాత్రమే. వ్యాధి నిర్ధారణకు కణజాలపు ముక్కను సూక్ష్మదర్శినితో చూడవలసినదే.

ఈ చరిత్రలో ఒక తెలుగువానికి ముఖ్యస్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, 1925లో ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. కణవిభజనకు ఈ ఆమ్లము అవసరము. దానిని పోలి, దాని పనిని అడ్డుకొను అమినోప్టెరిన్, మెథోట్రెక్సేటు అను మందులును అక్కడనే పుట్టెను. 1948లో సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సరు గల పిల్లలలో అమినోప్టెరిన్ కొంతకాలము ఉపశమనమిచ్చెనని ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావు మరణించెను.

1951లో గబ్నర్ అను వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతమునకు వాడి చూచెను. 1988లో అమెరికా ప్రభుత్వము ఇదే వ్యాధికి మెథోట్రెక్సేటును అనుమతించెను. నేడు గోదావరి పాయల నడుమనున్న కాట్రేనికోనలో ఒక రోగి వారమునకొకసారి మింగు మాత్ర ఇదే కావచ్చును.

1991 నుండి ఒక చిక్కు బయటపడెను. ఈ మందు వాడుచున్న కొందరిలో లింఫోమా పుట్టి, మందు మాన్పగా తగ్గిపోయెను. మరి దోషము మందుదా, వ్యాధిదా? 2006లో స్వీడనులో లింఫోమా వచ్చిన 378 మంది కీళ్ళవాత రోగులను, అది రాని అంతేమంది కీళ్ళవాత రోగులతో పోల్చిరి. వ్యాధి తీవ్రముగా, దీర్ఘకాలము రగిలినవారిలోనే ముప్పు మిక్కిలి హెచ్చెను. సాధారణముగా వాడు మందులు దానిని పెంచినట్లు కానరాలేదు. మందుతో ముడిపడిన లింఫోమాలు లేకపోలేదు గాని, అవి అరుదు.

కావున భయపడి మాత్ర మానుకొనుట, వారపు మాత్రను దినదినము మింగుట, రెండును ప్రమాదకరములే. వ్యాధిని అదుపులో నుంచుకొని, వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. మెడలోగాని చంకలోగాని గడ్డ తగ్గకున్నను, కారణము లేక జ్వరము వచ్చుచున్నను, బరువు తగ్గుచున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.