మూలికా మందుకు నానో వాహనం: పసుపు చెప్పే పాఠం

తమిళనాడులో ఈరోడు, మహారాష్ట్రలో సాంగ్లీ, ఒడిశాలో కంధమాల్: మూడూ పసుపుకు పేరుపడ్డ ప్రాంతాలే. ఆ పసుపులోని ముఖ్య ఔషధ పదార్థం కర్కుమిన్. ఎండు కొమ్ముల బరువులో ఇది సుమారు 3 శాతం. తిన్నాక రక్తంలోకి చేరేది అందులోనూ అత్యల్పం.

ఎందుకు చేరదు?

కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. పేగు లోపలికి తీసుకున్న కాస్తనూ పేగు గోడ, కాలేయం త్వరగా మార్చేసి బయటికి పంపుతాయి.

దీనికి పాత ఉపాయం మిరియం. 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే, మనుషుల్లో శరీరానికి అందే కర్కుమిన్ 2000 శాతం పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ప్రచురించారు. కర్కుమిన్‌ను మార్చే ఎంజైములను పైపెరిన్ అడ్డుకుంటుంది. చిక్కేమిటంటే, ఇతర మందులను మార్చే ఎంజైములనూ అడ్డుకుంటుంది. అప్పుడు మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటివి రక్తంలో పెరగవచ్చు.

నానో పద్ధతులు

మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. ఆ కొలతలో మందును మోసే వాహనాలు ప్రధానంగా మూడు:

• లైపోసోములు: మన కణాల పొరలో ఉండే రకం కొవ్వులతో చేసిన బుడగలు.
• నానో ఎమల్షన్లు: నీటిలో తేలే అతి చిన్న నూనె బిందువులు. కర్కుమిన్ నూనెలో కరుగుతుంది.
• పాలిమర్ కణాలు: మెల్లగా కరుగుతూ మందును కొద్దికొద్దిగా వదులుతాయి.

మొక్క నుంచి వచ్చిన మందుకు ఈ దారి ఇప్పటికే ఫలించింది. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ క్యాన్సర్ మందు. అదీ నీటిలో కరగదు. ఆముదంతో తయారైన ద్రావకంలో కలిపి ఎక్కిస్తే కొందరికి తీవ్ర అలర్జీ వచ్చేది. అల్బుమిన్ ప్రోటీన్‌తో సుమారు 130 నానోమీటర్ల కణాలుగా మలచిన అబ్రాక్సేన్‌కు ఆ ద్రావకం అక్కర్లేదు. 2005లో అమెరికా దానిని రొమ్ము క్యాన్సర్‌కు అనుమతించింది.

జాగ్రత్తలు

కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, శరీరానికి ఎక్కువగా అందేలా చేసిన మాత్ర వేరు. కర్కుమిన్ మాత్రలు వాడిన కొందరిలో కాలేయం దెబ్బతినడంతో ఇటలీ, ఆస్ట్రేలియా ఆరోగ్య సంస్థలు హెచ్చరికలు జారీ చేశాయి. ‘మూలికే కదా’ అని ధీమా వద్దు. కాలేయ వ్యాధి, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా వీటిని మొదలుపెట్టకూడదు.

సీసాపై ‘నానో’ అని ఉంటే సరిపోదు. మాత్రలో కర్కుమిన్ ఎంత, పైపెరిన్ కలిపారా, ఆ తయారీనే మనుషులపై పరీక్షించారా అన్నవి కొనేముందు అడగాలి.