మాట వెనుక కథ: కీర్తన

చెప్పడం, చాటడం, పొగడడం అనే అర్థాలున్న సంస్కృత ధాతువు నుంచి పుట్టిన మాట ‘కీర్తన’. ‘కీర్తి’ కూడా అక్కడిదే. తెలుగులో కీర్తనకు పల్లవి, చరణాల రూపం అన్నమయ్య చేతిలో స్థిరపడింది. హైటెక్ సిటీ అద్దాల మేడలకు ఎంతో దూరం లేని గోల్కొండ కోట చెరలో రామదాసు రాముణ్ణి కీర్తించాడని మన నమ్మకం.

బైబిల్‌లోని 150 పాటల గ్రంథానికీ తెలుగులో ‘కీర్తనలు’ అనే పేరే వచ్చింది. హీబ్రూలో దాని పేరు ‘తెహిల్లీమ్’, అంటే స్తుతులు.

బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవులైన పురుషోత్తమ చౌధరి (1803–1890) ‘కీర్తన’ అనే మాటతోనే ఆగలేదు. కర్ణాటక రాగతాళాల్లోనే క్రీస్తును పాడారు. ఆయన పాటలున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటల తలమీద ఇప్పటికీ రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. విశ్వాసం మారినా పాడే గొంతు మారనక్కర్లేదని నిరూపించిన గొప్ప సృజన ఆయనది. ఆయన పేరు సాహిత్య చరిత్రల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

కొండాపూర్, గచ్చిబౌలి ఆరాధనల్లో గిటార్ పట్టే యువతకు ఒక మనవి: నెలకొక్క కీర్తననైనా దాని రాగంలోనే పాడండి. రాగం తెలియకపోతే దగ్గర్లోని సంగీతం మాస్టారిని అడగండి.