పేరు గల ప్రమేయము, పేరు లేని ప్రమేయము

గణితోపాధ్యాయుడు నల్లబల్లపై ఎఫ్ (ఎక్స్) అని వ్రాయగానే ప్రమేయమునకు ఒక పేరు పెట్టినట్లే. పేరు లేకుండ దానిని వ్రాయుట ఎట్లు? 1930 దశకములో అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు అలొంజో చర్చి ఇందుకు మార్గము చూపెను. గ్రీకు అక్షరమైన లాంబ్డాను ముందుంచి, "ఒక సంఖ్యను తీసికొని దానికి 3 కలుపుము" అను పనినే నేరుగా వ్రాసెను.

1958లో జాన్ మెకార్తీ లిస్ప్ భాషను రూపొందింపసాగి ఈ లాంబ్డాను అందు చేర్చుకొనెను. కాని 1960 నాటి వ్యాసములో ఆయనయే ఒక చిక్కును చూపెను. 5 యొక్క క్రమగుణితము కావలెనన్న 4 యొక్క క్రమగుణితము కావలెను. అనగా ప్రమేయము తన్ను తానే పిలుచుకొనవలెను. పేరు లేనిదానిని పిలుచుట ఎట్లు? అందుకై 'లేబుల్' అను ఏర్పాటుతో మరల పేరు తగిలించెను! (పేరు లేకయే పని జరుపు ఉపాయము లేకపోలేదు గాని, చదువువాని గతి కష్టము.) ఈ మెకార్తీ వద్దనే స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొందినవారు నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి.

లాంబ్డా జావా భాషకు ఆలస్యముగా, 2014 మార్చిలో వచ్చిన జావా 8తో చేరినది. అంతకు ముందు చిన్న పనికైనను పేరు లేని క్లాసు నొకదానిని అయిదారు పంక్తులలో వ్రాయవలసి యుండెను. లాంబ్డాతోపాటు మెథడ్ రిఫరెన్సును వచ్చినది. ఇది ఉన్న మెథడును జంట కోలన్లతో పేరు పెట్టి చూపుట.

ఏది ఎప్పుడు? నాగావళిపై తోటపల్లి, నారాయణపురం, శ్రీకాకుళములలో నీటిమట్టమును గమనించు ప్రోగ్రాము నొకదానిని ఊహింతము. ప్రతి కేంద్రము నుండి మట్టమును తెచ్చు మెథడు ముందే ఉన్నచో దాని పేరు చెప్పిన చాలును. "కేంద్రమును తీసికొని దాని మట్టమును ఇమ్ము" అని లాంబ్డా వ్రాయుట చుట్టుదారి. "ఇప్పుడు నిర్ణయించిన హద్దును మించిన కేంద్రములు" కావలెనన్న లాంబ్డాయే తగును. ఆ హద్దు పక్కనే కనబడును. అదే షరతు నాలుగు చోట్ల వచ్చినచో దానికి మంచి పేరుతో మెథడు వ్రాయుటే మేలని నా అభిప్రాయము.

రెండింటికిని ఫలితము ఎల్లప్పుడు ఒకటే అని తలచరాదు. కేంద్రములోని కొలమానమును ఒక ఫీల్డులో ఉంచితిమనుకొనుడు. దాని మెథడును రిఫరెన్సుగా తీసికొన్న క్షణముననే ఏ కొలమానమో స్థిరపడిపోవును. లాంబ్డా అయినచో పిలిచినప్పుడెల్ల ఆ ఫీల్డును చూచును. నడుమ చెడిన కొలమానమును తీసి క్రొత్తది పెట్టినచో, లాంబ్డా క్రొత్తదానిని చదువును. రిఫరెన్సు మాత్రము, నది పొంగుచున్నను, పాతదానినే అడుగుచుండును.