మామాల చెట్టు కథ: మందు చెప్పినవాళ్ళకి వాటా



సెలవులకి ఊరెళ్ళినప్పుడు మనలో చాలామందిమి వడ్డె తాత దగ్గరో, దిశారి దగ్గరో కూర్చుని చెట్టు మందుల వీడియోలు తీస్తున్నాం. తీసినవి తీసినట్టే అందరికీ పంపేస్తున్నాం. దాని గురించి మాట్లాడుకునే ముందు సమోవాలో ఏం జరిగిందో చూద్దాం.

సమోవా పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల దేశం. అక్కడ ఫలేఅలుపో అనే ఊరు. 1984లో అమెరికా వృక్షశాస్త్రవేత్త పాల్ అలన్ కాక్స్ ఆ ఊరొచ్చి, ఎపెనెసా మౌయిగోవా అనే మందులిచ్చే ఆమె దగ్గర నేర్చుకున్నాడు. 90 రకాల మొక్కలతో చేసే 121 మందులు ఆమె చెప్పింది. వాటిలో ఒకటి మామాల చెట్టు కట్టెని వేడినీళ్ళలో నానబెట్టి కామెర్ల జ్వరానికి ఇచ్చేది. ఆ చెట్టులో రెండు రకాలున్నాయనీ, ఒకటే పనికొస్తుందనీ, అదీ ఇంత లావు ఉంటేనే కొట్టాలనీ అక్కడి వైద్యులకి తెలుసు. దీన్ని మూఢనమ్మకం అనేవాళ్ళు మన దగ్గర కూడా ఉన్నారు!

కామెర్లు వైరస్ వల్ల కూడా వస్తాయి కదా, అందుకే ఆ కట్టె అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకి వెళ్ళింది. అక్కడ పరీక్ష ఇలా ఉంటుంది: గాజు పాత్రలో మనిషి కణాలు పెంచి, ఎయిడ్స్ వైరస్ ఎక్కించి, మొక్క సారం కలుపుతారు. కణాలు బతికితే ఆ సారాన్ని భాగాలుగా విడదీసి ఒక్కోదాన్నీ మళ్ళీ పరీక్షిస్తారు. చివరికి మిగిలిన పదార్థం ప్రోస్ట్రాటిన్. ఈ ఫలితం 1992లో అచ్చయింది. ఇది వైరస్‌ని కొత్త కణాల్లోకి పోనివ్వదు, పైగా కణాల్లో దాక్కున్న వైరస్‌ని బయటికి లాగుతుంది.

శాస్త్రవేత్తలకి ఒక భయం పట్టుకుంది. ఇది ఫోర్బాల్ జాతి పదార్థం. మన నేపాళం గింజల నూనెలో ఉండేది ఆ జాతే, చర్మానికి తగిలితే వాస్తుంది. వాపు మందుల్ని పరీక్షించేటప్పుడు ఆ నూనెతోనే ఎలుక చెవి వాచేలా చేసి, మందు రాసి, వాపు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఫోర్బాల్ జాతిలో కొన్ని గడ్డలు పెరగడానికి కూడా తోడవుతాయి. ప్రోస్ట్రాటిన్ మాత్రం అలా చేయదు. ఫోర్బాల్ రాసిన ఎలుక చర్మం మీద అది వాపుని అడ్డుకుందని 1991లోనే తేలింది. 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు నేపాళం నూనెలోని ఫోర్బాల్ నుంచే ప్రోస్ట్రాటిన్ తయారుచేశారు. (అలాగని నేపాళం గింజలతో ఎవరూ ప్రయోగాలు చేయొద్దు, విషం.)

ఇక వాటా సంగతి. 1988లో కొత్త బడి కట్టి తీరాలని ప్రభుత్వం అంటే, డబ్బుల్లేక ఫలేఅలుపో వాళ్ళు అడవిని కలప కంపెనీకి రాసిచ్చారు. కాక్స్ విరాళాలు పోగుచేసి బడి అప్పు తీర్చాడు, బదులుగా 30,000 ఎకరాల అడవిని ఊరు కాపాడింది. నరికేవాళ్ళని అడ్డుకున్న ఊరి పెద్ద ఫుయోనో సేనియోకి, కాక్స్‌కి కలిపి 1997లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి ఇచ్చారు. ఆ చెట్టుతో పాటు ఈ అడవి పోయుంటే పరీక్షించడానికి ఏం మిగిలేది?

2001లో ఎయిడ్స్ మందు కోసం పనిచేసే సంస్థ ఒకటి సమోవాతో ఒప్పందం రాసుకుంది. లాభంలో 12.5 శాతం ప్రభుత్వానికి, 6.7 శాతం ఊరికి, మందు చెప్పిన ఇద్దరు వైద్యుల కుటుంబాలకి చెరో 0.4 శాతం. మొత్తం 20. ఆ 0.4 మాకు చాలా తక్కువ అనిపించింది. ప్రోస్ట్రాటిన్ ఇంకా మందుల షాపుకి రాలేదు కాబట్టి పంచుకునే లాభమూ లేదు. కానీ పేరైతే కాగితం మీద ఉంది.

మన దేశంలో కేరళ కాణి ఆదివాసులు ఆరోగ్యపచ్చ మొక్క గురించి చెప్పింది 1987లో. దాంతో తయారైన మందు లైసెన్సు డబ్బులో సగం వాళ్ళకి ఇవ్వాలని తర్వాత రాసుకున్నారు. అది కూడా అడిగితేనే, రాస్తేనే.

అందుకే ఇక నుంచి మందు వీడియో తీస్తే ముందు ఆ తాతని, అవ్వని అడుగుదాం. వాళ్ళ పేరు, ఊరు, తేదీ నోట్‌బుక్‌లో రాసుకుందాం. ఏ రకం చెట్టు, ఎంత లావు, ఏ భాగం, ఎలా నానబెట్టాలి అన్నవి ఆ నోట్‌బుక్‌లోనే ఉండాలి, ఫోన్‌లో తిరగకూడదు. ఆ నోట్‌బుక్ ఎవరి దగ్గర ఉండాలో ఊరి గ్రామసభే చెప్పాలి.