పెళ్ళితో మారే ఇంటిపేరు: వంశచరిత్ర పరిశోధన

తెలుగువారిలో పెళ్ళయిన స్త్రీకి గోత్రంతోపాటు ఇంటిపేరూ మారి భర్తది వస్తుంది. మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు, ఆచారమే నడిపిస్తోంది. అందుకే తండ్రి వైపు తరతరాల పేర్లు ఉన్న వంశవృక్షాల్లోనూ అమ్మమ్మ, నాయనమ్మల పుట్టిళ్ళ జాడ తరచు కనిపించదు. ఇది చిన్న లోటు కాదు. వంశంలో సగం మంది చరిత్ర ఇది.

ప్రముఖుల కుటుంబాల్లోనూ ఈ చిక్కు కనిపిస్తుంది. కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ముఖ్యులు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ (1874–1905) ఆయనకు స్వయానా అక్క. తమ్ముడు నాగపూరులో చదువుకున్నది ఆమె ఇంట్లోనే. ఇంటిపేర్లను బట్టి వెతికేవారికి ఈ తోబుట్టువులు రెండు వేర్వేరు వంశాలవారిగా కనబడతారు.

సరోజినీ నాయుడు విషయం ఇంకా చిక్కు. హైదరాబాదులో 1879లో చట్టోపాధ్యాయ కుటుంబంలో పుట్టిన ఆమె 1898లో ముత్యాల గోవిందరాజులు నాయుడును పెళ్ళాడారు. అత్తింటి ఇంటిపేరు ముత్యాల. ఆమె పేరులో చేరింది మాత్రం ఎన్నో కుటుంబాలకు చెందిన ‘నాయుడు’. కూతురు పద్మజకూ అదే వచ్చింది. ‘నాయుడు’ ఒక్కటీ పట్టుకుని వెతికితే అటు ముత్యాల వారూ దొరకరు, ఇటు చట్టోపాధ్యాయులూ దొరకరు.

పుట్టింటి పేరు దొరికే చోట్లు లేకపోలేదు. కూతురికి పొలం రాసిచ్చిన పసుపు కుంకుమ దస్తావేజు అన్నిటికన్నా విలువైనది: రాసిచ్చింది తండ్రి, పుచ్చుకున్నది పెళ్ళయిన కూతురు కాబట్టి రెండు ఇంటిపేర్లూ ఒకే కాగితం మీద ఉండే అవకాశం ఎక్కువ. పాత శుభలేఖల్లో ఇరుపక్షాల పేర్లూ ఉంటాయి. నిజాం కాలపు ఉర్దూ పత్రాల్లో స్త్రీ పేరు పక్కన ‘బిన్తె’ ఉంటే తరవాత వచ్చేది తండ్రి పేరు, ‘జౌజె’ ఉంటే భర్త పేరు. తర్పణాల్లో మాతామహుల పేర్లు మూడు తరాల దాకా గోత్రంతో చెబుతారు. ఇంటిపేరు మాత్రం ఇంట్లో పెద్దలనే అడగాలి. మేనరికాలున్న కుటుంబాల్లో ఒకే ఇంటిపేరు తల్లి వైపూ అత్తింటి వైపూ రావచ్చు కనుక, ప్రతి స్త్రీ పేరు పక్కనా తండ్రి పేరు, పుట్టినూరు కూడా రాసుకోవడం పరిశోధకులకు తప్పనిసరి.