రాతి మీద పేరు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కొద్ది దినాల క్రితం ఆత్మకూర్ (ఎస్) మండలం నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాసింది. తల్లి సమాధికి నాపరాయి పలక పెట్టించి ఆరు సంవత్సరాలైందట. పలక చెక్కు చెదరలేదు గాని దాని మీది పేరు చదవడానికి వీలు లేకుండా పోయింది. "మా అమ్మ పుట్టిన సంవత్సరం ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నేను పోయాక ఆ రాయి ఎవరిదో ఎవరు చెప్తారు? ఈసారి ఏ రాయి పెట్టించాలి, ఎట్లా చెక్కించాలి?" అని అడిగింది. ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు గనుక ఈ పేజీలో జవాబు చెప్పుదామనుకున్నాను.

అమ్మా, జవాబు కోసం మనం దూరం పోనక్కరలేదు. చనిపోయినవారి పేరు రాతి మీద చెక్కించడం మన ప్రాంతంలో పదిహేడు వందల ఏండ్ల నాటి అలవాటు. మిర్యాలగూడ మీదుగా నాగార్జునసాగర్ వెళ్ళి, లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియం చూసినవారు మీలో చాలామంది ఉంటారు. క్రీ.శ. 3వ, 4వ శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు పరిపాలించిన విజయపురి ఆ లోయలోనే ఉండేది. అక్కడ 'ఛాయాస్తంభాలు' అనేవి దొరికాయి. అవి చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్ళు. శాంతమూలుడు అనే రాజు చనిపోయాక, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పరిపాలనా సంవత్సరంలో ఒక స్తంభం నిలిపారు. ఆ రాజు తల్లులు, అక్కచెల్లెండ్రు, భార్యల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకు కూడా అక్కడ అటువంటి రాళ్ళు నిలిపారు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. నిలువు గీతలు బాగా పొడుగ్గా సాగదీసి చెక్కిన అందమైన అక్షరాలు.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ స్తంభాలు పలనాటి సున్నపురాతివి. మన సహోదరి తల్లికి పెట్టించిన నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. మరి వాటి మీది అక్షరం పదిహేడు శతాబ్దాలు నిలిచి, ఈమె అమ్మ పేరు ఆరు సంవత్సరాలకే ఎందుకు పోయింది?

కారణాలు రెండు. మొదటిది, విజయపురి పాడుబడిపోయి ఆ రాళ్ళలో చాలా భాగం మట్టి కింద ఉండిపోయాయి. 1926లో ఒక బడిపంతులు ఆ లోయలో ఒక రాతి స్తంభం చూసి ప్రభుత్వం వారికి తెలియజేసిన తరువాతే తవ్వకాలు జరిగాయి. వానకు తడవని సున్నపురాయి చాలాకాలం ఉంటుంది. వాన నీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి పలుచని ఆమ్లం అవుతుంది. అది సున్నపురాతిని, పాలరాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ముందుగా మొద్దుబారేది అక్షరం అంచు. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. వాళ్ళు చెక్కారు, మనం పూశాము. సహోదరి మరల వ్రాసిన ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆ పలక మీద ఉలి గీసింది గోటి గాటంత లోతు మాత్రమే. మిగతాదంతా నల్ల ఎనామిల్ రంగు. రంగు ఎండకు పొట్టు లేచింది, దానితోపాటు పేరూ పోయింది.

ఇప్పుడు సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రికి రండి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుడులు అక్కడ ఉన్నాయి. శక సంవత్సరం 1117, అంటే క్రీ.శ. 1195 నాటి రుద్రదేవుని కాలపు శాసనం, శక 1130, అంటే క్రీ.శ. 1208 నాటి గణపతిదేవుని కాలపు శాసనం అక్కడివే. ఎనిమిది వందల ఏండ్లు దాటినా పండితులు వాటిని చదివి అచ్చు వేయగలిగారు. ఆ దినాలలో దానశాసనం వ్రాయించేవారు 'ఆచంద్రార్కం' అనేవారు, అంటే చంద్రుడు, సూర్యుడు ఉన్నంతకాలం అని. చాలా శాసనాల తల మీద ఆ ఇద్దరి బొమ్మలూ చెక్కించేవారు. మాట అంత కాలం నిలవాలని కోరినవాడు దానికి తగిన రాయిని, తగిన ఉలిని వెదికాడు. మన ప్రాంతపు గ్రానైట్‌లో గాని నల్లరాతిలో గాని వానకు సులభంగా కరిగే సున్నపు పదార్థం దాదాపు ఉండదు. అసలు రహస్యం అదే.

రాతిలో అక్షరం నిలవాలనే ఆశ బైబిలు చదివేవారికి కొత్త కాదు. యాకోబు రాహేలు సమాధి మీద స్తంభం నిలిపిన సంగతి ఆదికాండము 35వ అధ్యాయంలో ఉన్నది. యోబు గ్రంథం 19వ అధ్యాయంలో యోబు తన మాటలను ఇనుప పనిముట్టుతో బండ మీద చెక్కాలని, సీసం వాడాలని కోరుకున్నాడు. ఆ సీసం వ్రాసుకొనే పలక అని కొందరు పండితులు అంటారు. చెక్కిన గీతలలో సీసం నింపడమే అని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ పని నిజంగానే ఉన్నది. ఇంగ్లాండు సమాధి రాళ్ళలో, ముఖ్యంగా పాలరాతి మీద, అక్షరాన్ని తొలిచి లోపల చిన్న రంధ్రాలు వేసి, సీసం కొట్టి నింపి, పైన చదును చేసేవారు. చుట్టూ ఉన్న పాలరాయి కరిగినా సీసపు అక్షరం మిగులుతుంది. మన దగ్గర ఆ పని చేసేవారు అరుదు గనుక దానిని నేను సలహాగా చెప్పను.

మన సముద్రతీరంలో ఇంకొక పద్ధతి ఉన్నది. మచిలీపట్నంలో 17వ శతాబ్దం నాటి డచ్చి వర్తకుల సమాధులు చూడండి. అక్కడ అక్షరాన్ని తొలవలేదు. చుట్టూ ఉన్న రాతిని తీసివేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలిపారు. కోరమండల్ తీరపు పనివారు చెక్కిన ఇటువంటి రాళ్ళను ఓడలకెక్కించి బటావియాకు, అంటే నేటి జకార్తాకు కూడా పంపేవారు. తమకు రాని డచ్చి భాషను, లాటిన్ భాషను కాగితం మీద చూసి గీత గీతగా చెక్కిన చేతులవి! అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి 1897లో ఈ డచ్చి సమాధుల మీద ఒక పుస్తకమే ప్రచురించాడు. రాయి చదవగలిగే స్థితిలో ఉండగానే ప్రతి వ్రాసుకోవడం ఎంత మంచిదో దానిని చూస్తే తెలుస్తుంది. ఉబ్బెత్తు పనికి ఖర్చు ఎక్కువ. మనబోటివారికి లోతుగా చెక్కడమే సరైన దారి.

హైదరాబాదులో 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి స్తంభం మీద ఉన్నవి ఆయన పేరులోని జె.ఆర్. అనే రెండు పొడి అక్షరాలే. తక్కువ వ్రాస్తే పెద్దగా వ్రాయవచ్చు, లోతుగా వ్రాయవచ్చు. మన సమాధుల మీద మాత్రం పేరు, బిరుదులు, వాక్యం, కొడుకులు, కోడండ్లు, మనుమల పేర్లు అన్నీ ఒకే పలకలో ఇరికిస్తాం. పేరు చిన్నదైపోయి ముందుగా అదే పోతుంది.

కాబట్టి సహోదరీ, రాతి పనివారి దగ్గరకు వెళ్ళినప్పుడు సన్న గింజ ఉన్న నల్ల గ్రానైట్ అడగండి. గింజ ముతకగా ఉన్న రాతిలో సన్నని గీత చెక్కితే అంచున పలుకులు రాలిపోతాయి. పాలిష్ చేసిన నల్లరాతిలో చెక్కిన చోట బూడిద తెలుపు వస్తుంది గనుక రంగు లేకుండానే పేరు కనబడుతుంది. గీత లోపల రెండు వైపులా ఏటవాలుగా దిగి అడుగున కలవాలి. గీత ఎంత వెడల్పో దానిలో కనీసం సగం లోతు ఉండాలి. అప్పుడు గీతలోనే నీడ పడుతుంది, ఆ నీడే సిరా. ఇప్పుడు చాలాచోట్ల రబ్బరు స్టెన్సిల్ అంటించి ఇసుకను గాలితో కొట్టి చెక్కుతున్నారు. లోతుగా కొట్టిస్తే అదీ మంచిదే. లేజర్‌తో వేసే ముఖచిత్రాలు, అక్షరాలు పైపొరను మాత్రమే తాకుతాయి. చూడ ముచ్చటగా ఉంటాయి గాని నేనైతే పేరును దానికి అప్పగించను.

మన తెలుగు అక్షరంతో ఒక చిక్కున్నది. ద-ధ, ప-ఫ, వీటి తేడా అడుగున ఉండే చిన్న గీతలోనే ఉన్నది. ఒత్తులు ఇంకా చిన్నవి. 'మరియమ్మ'లో మకారపు ఒత్తు చెరిగితే మనిషి పేరే మారిపోతుంది. అందుకని ఒత్తులను కూడా తగినంత పెద్దగా, అక్షరానికి అంటకుండా కొంచెం ఎడంగా చెక్కించండి. వరుసల మధ్య ఖాళీ బాగా వదలమని చెప్పండి. పలకను పడుకోబెట్టకుండా నిలబెట్టించండి, నీరు నిలవదు. ఊరి పేరు కూడా చెక్కించండి. ఆత్మకూరులు మన రెండు రాష్ట్రాలలో ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఆ (ఎస్) వదలకండి. 2016 అక్టోబరులో మన సూర్యాపేట జిల్లా ఏర్పడింది. అంతకు ముందు పెట్టిన రాళ్ళ మీద నల్లగొండ జిల్లా అని ఉంటే దానిని దిద్దనక్కరలేదు, ఆ రాయి తన కాలపు సాక్ష్యం చెబుతుంది.

పాత రాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1889లో రష్యా మెనోనైట్ సంఘాల నుండి ఇండియాకు వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్ నల్లగొండ కేంద్రంగా బాప్టిస్టు మిషన్ పని చేశాడు. ఆ తరం విశ్వాసులలో చదువు వచ్చినవారు కొద్దిమందే గనుక సమాధి మీద పేరుండడమే వారికి పెద్ద సంగతి. అటువంటి రాళ్ళను మనం ఈస్టరుకో, నవంబరు 2వ తేదీకో ప్రేమతోనే సున్నం కొట్టి పూడ్చివేస్తున్నాం. పూత మీద పూత వేస్తే అక్షరపు గుంట నిండిపోతుంది. దానిని తీయడానికి యాసిడ్ పోయకండి, ఇనుప బ్రష్ పెట్టకండి. మంచినీళ్ళు, మెత్తని బ్రష్, చెక్కపుల్ల, ఓపిక చాలు. కొవ్వొత్తి మైనం కూడా చెక్కపుల్లతోనే తీయండి. తరువాత పొద్దున గాని సాయంత్రం గాని ఏటవాలు ఎండలో చూడండి, లేదా చీకటి పడ్డాక టార్చి లైటును పక్కనుండి రాతికి ఆనించి వేయండి. పగలు ఏమీ లేదనుకొన్న చోట పేరు లేచి కనబడుతుంది. వెంటనే ఫోటో తీసి, నోటు పుస్తకంలో వ్రాసి, ఒక ప్రతి సంఘ రిజిస్టరులో పెట్టించండి.

మీ అమ్మగారి సంవత్సరం కూడా, సహోదరీ, రాయి కొనక ముందే ఈ రోజే కాగితం మీద వ్రాసి ఉంచండి. పనివారికి పేరు నోటితో చెప్పవద్దు. పెద్ద అక్షరాలతో వ్రాసి, ఇంట్లో మరిద్దరి చేత చదివించి, ఆ కాగితమే ఇవ్వండి. పలక మీద సుద్దతో గాని పెన్సిలుతో గాని గీసిన తరువాత ఉలి పెట్టక ముందు మీరే వెళ్ళి, ఒత్తులు, అంకెలు ఒక్కొక్కటి వేలు పెట్టి చూసుకోండి.